ఎలపటి కడ్డీ

కోస్గి దాటి మహబూబ్‌నగర్ బాట పట్టగానే ఎడమ చేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. బోర్డు ఎందుకు, అక్కడికి వచ్చే కారే ఒక్కటి. కమ్మరి దశరథం పద్నాలుగేళ్లు ఆ ఒక్క కారును నమ్ముకుని బతికాడంటే ఇప్పటివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఒక్క బర్రెను నమ్ముకుని సంసారం ఈదినవాళ్లు మన దగ్గర లేరా ఏమిటి?

ఆ కారు ఫ్రాన్సు దేశంది. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, దేశం వదిలి పోతున్న ఎవరో తెల్లాయన దగ్గర కోస్గి పక్క ఊరి దొర బొంబాయిలో కొని తెచ్చాడు. తెచ్చింది సరే, ఆరు నెలలకే అది మొండికేసింది. హైదరాబాదులో పేరుమోసిన మేస్త్రీలు బానెట్ ఎత్తి చూసి, "దొరా, దీన్ని తిరగేసి బిగించిన్రు" అని చేతులు దులుపుకున్నారు. వాళ్ల తప్పూ లేదు. మిగతా మోటార్లన్నీ వెనక చక్రాలతో నూకుతూ పోతుంటే ఇది ముందు చక్రాలతో గుంజుతూ పోయేది. గేరు పుల్ల కింద నుంచి కాక స్టీరింగు పక్కన పలకలోంచి పొడుచుకు వచ్చేది. కింద చట్రం లేదు, డొక్కే చట్రం. కమాన్ పట్టీలు అసలే లేవు. వాటి బదులు పొడుగునా రెండు ఉక్కు కడ్డీలు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. గుంట వస్తే కమాను వంగినట్టు ఆ కడ్డీ మెలి తిరిగి, మళ్లీ సర్దుకునేది. వాటికి మన భాషలో పేరు లేదు. దశరథమే పెట్టుకున్నాడు, మెలికడ్డీలని.

దశరథం అప్పటికి హైదరాబాదులో లారీల మీద నాలుగేళ్లు పని నేర్చుకుని, తండ్రి పోతే ఇంటికి వచ్చి ఉన్నాడు. దొర కబురు పెట్టాడు. వెళ్లి రెండు రోజులు ఆ కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. మూడో రోజు లేచి వచ్చి, "దొరా, ఎద్దును బండి ముందర కడ్తమా, ఎనక కడ్తమా?" అని అడిగాడు.

"ముందర్నే కడ్తం."

"వీళ్లు గట్లనే కట్టిన్రు. లోకమంత ఎనక కట్టింది."

దొర పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుకే షెడ్డు లేచింది.

ఇక మన దశరథానికి భూమ్మీద కాలు ఆనలేదు. బస్సులవాళ్లు వచ్చి బతిమాలినా "నాది కార్ల షెడ్డు" అని పంపేసేవాడు. ఉన్నది ఒక్క కారు, అనేది కార్లు! హబ్బు ఊడదీయడానికి ఫ్రాన్సులో ఏదో ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుందట, దాన్ని కళ్లతో చూడకుండానే తన కొలిమిలో తనే కొట్టుకున్నాడు. అది చూసి మురిసిపోయింది ఆయన భార్య అమృతమ్మ ఒక్కతే. మురిసిపోతూనే ఎత్తిపొడిచేది. "దశరథ మారాజు రథం ఇరుసు ఊడితే కైకమ్మ వేలు పెట్టి నిలబెట్టిందట. నీ కారుకు ఊడితే నేను పెట్టను, ముందే చెప్తున్న." అనేది, నవ్వేది. యాభై మూడులో జ్వరం వచ్చి పది రోజుల్లో పోయింది. పిల్లలు లేరు. దశరథం ఇల్లు మూసి మంచం తెచ్చి షెడ్డులో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆయనకు మనిషన్నవాడు మిగిలింది గాలయ్య. దొర కారు డ్రైవరు. దశరథానికి ఆ కారు కింద నుంచి తెలుసు, గాలయ్యకు పైనుంచి తెలుసు. వాళ్లిద్దరూ సాయంత్రాలు షెడ్డు ముందు కూర్చుని పల్లికాయలు వలుచుకుంటూ మాట్లాడుకుంటే, వినేవాళ్లకు ఏదో ఇంటి కోడలి సంగతి అనిపించేది. "ఇయ్యాల మూడో గేరుల జర అలిగింది అన్నా" అని ఒకడు, "గది అలుగుడు కాదు, ఆకలి, నూనె అడుగుతుంది" అని మరొకడు. గాలయ్య భార్య భద్రమ్మ రోజూ రెండు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి పంపేది. "అన్నా" అని పిలిచేది. తోడబుట్టినవాళ్లు లేని దశరథానికి ఆ పిలుపు అన్నం కంటే ఎక్కువ.

యాభై ఆరు ఎండాకాలంలో ఆ తప్పు జరిగింది.

కార్లు ఉన్న దొరలు వెనక సీట్లో కూర్చుంటారు. ఈయనకు బాట చూడటం సరదా, ఎప్పుడూ ముందు, ఎడమ పక్క కూర్చునేవాడు. మనిషి మూడు బస్తాల బరువు. కుడి పక్క స్టీరింగు ముందు గాలయ్య, పేరుకు తగ్గట్టు గాలికి కొట్టుకుపోయే మనిషి. ఏడేళ్లలో ఎడమ కడ్డీ అలిసిపోయి కారు ఆ పక్కకు ఒరిగి నిలబడటం మొదలైంది. దశరథం చూశాడు. ఏం చేయాలో క్షణం కూడా ఆలోచించలేదు. బండి చక్రాలు ఒక పక్క ఎక్కువ అరిగితే దాపటిది ఎలపటికి, ఎలపటిది దాపటికి మార్చడం కమ్మరి ఇంట పుట్టినవాడికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. దాపట అంటే ఎడమ, ఎలపట అంటే కుడి. తాత చేశాడు, తండ్రి చేశాడు. దశరథం రెండు మెలికడ్డీలూ గుంజి, ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసి బిగించాడు. ఒక కడ్డీ కొనకు ఒక గాటు, రెండోదానికి రెండు గాట్లు ఉన్నాయి. కంపెనీవాళ్ల లెక్క గుర్తులేమో అనుకున్నాడు. కారు తక్కెడ ముల్లులా సమంగా నిలబడింది. దొర వీపు తట్టాడు.

శ్రావణంలో ఒక తెల్లవారి, మహబూబ్‌నగర్ స్టేషన్‌లో రైలు దిగిన దొర తల్లిని కూర్చోబెట్టుకుని గాలయ్య వస్తున్నాడు. ఊరు ఇంకా నాలుగు మైళ్లు ఉందనగా కారు ఉన్నట్టుండి ఎడమకు కుంగి, బాట దిగి, మోరీలోకి మూతి పెట్టింది. గాలయ్య నుదురు చిట్లింది. ముసలమ్మకు తుంటి ఎముక విరిగింది.

నాలుగు ఎడ్లను కట్టి కారును షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. దశరథం ఒక్కడే కిందికి దూరాడు. ఎడమ కడ్డీ రెండు ముక్కలై ఉంది. మోరీకి కొట్టుకుని విరిగిందేమో అనే ఆశతో ముక్కను వెలుతురులోకి పట్టుకున్నాడు. కమ్మరి కన్ను అబద్ధం చెప్పదు, అదే దాని దరిద్రం. విరిగిన మొహంలో సగం తళతళలాడుతోంది, అది ఆ పొద్దున విరిగిన సగం. తక్కిన సగం నల్లగా తుప్పు పట్టి ఉంది. అంటే ఎన్నో వారాల నుంచి లోపల బీట పెరుగుతూ వచ్చింది. కొన తిప్పి చూశాడు. రెండు గాట్లు. కుడి పక్క ఉండవలసిన కడ్డీ. ఏడేళ్లు ఒకే దిక్కుకు మెలి తిరిగిన ఉక్కును తను ఎదురు దిక్కుకు తిప్పించాడు. ఒక గాటు ఎడమకు, రెండు గాట్లు కుడికి అని కంపెనీవాడు చిన్నపిల్లాడికి చెప్పినట్టు రాసి పంపితే, అది తను చదవలేదు.

ఆ సాయంత్రమే దొర గడీలో విచారణ పెట్టారు. ముందు రోజు రాత్రి గాలయ్య బాగోతం చూడటానికి కూర్చున్న సంగతి ఊరంతా ఎరుగుదురు. నడుమ లేచి పోయి పడుకున్నాను అంటే నమ్మేదెవరు? తలకు గుడ్డ కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిద్రపోయినవా లేదా, గది చెప్పు" అన్నాడు దొర.

"నాకు యాదికి లేదు దొరా. కారు ఒక్కపారి కుంగినట్టయింది. తెలివికి వచ్చేవరకు మోరీల ఉన్న."

"మంచి రోడ్డు మీద కారు ఎట్ల కుంగుతది?"

గాలయ్య దశరథం వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు ఇప్పి చూసినవ్ గద. కారుల ఏమన్న ఐబు ఉందా?"

అందరూ దశరథాన్నే చూశారు. ఆ జిల్లాలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు ఆయన ఒక్కడే. లోపం ఉందంటే ఆ తప్పు ఎవరిదో చెప్పాలి. చెబితే షెడ్డు పోతుంది, కొట్టిన పనిముట్లు పోతాయి, ఫ్రాన్సు కారు మేస్త్రి అన్న పేరు పోతుంది. అమృతమ్మ పోయాక ఆయనకు మిగిలింది ఆ పేరే.

"కారుల ఏం ఐబు లేదు దొరా" అన్నాడు.

గాలయ్య కాసేపు ఆయన ముఖంలోకి చూసి, తల దించుకున్నాడు. "అట్లయితే కన్ను మూతపడ్డదేమో దొరా. అన్నకు తెల్వందా" అన్నాడు.

ముసలమ్మ నలభై రోజులకు హైదరాబాదు దవాఖానలో పోయింది. గాలయ్యను పని నుంచి తీసేశారు. నిద్రలో మనిషిని చంపినవాడికి చుట్టుపక్కల ఎవరూ బండెడు చొప్ప కూడా తోలమని ఇవ్వలేదు. ఊరు విడిచే రోజు భద్రమ్మ షెడ్డుకు వచ్చింది. అయిదో నెల కడుపు. చేతిలో ఎప్పటి రొట్టెల మూటే. "వండిపెట్టెటోళ్లు లేరు నీకు. పైలం అన్నా" అని చెప్పి మంచం మీద పెట్టి పోయింది. ఆ రొట్టెలు దశరథం తినలేదు, పారేయనూ లేదు. ఎండి బిళ్లలై, చీమలు పట్టేదాకా ఆ మంచం మీదే ఉన్నాయి.

తేలు కుట్టిన దొంగ అంటారు చూడండి, ఆ బతుకు ఏడేళ్లు బతికాడు. తల్లి పోయిన కారును దొర మళ్లీ కన్నెత్తి చూడలేదు. "బాగుచేసి పెట్టు, చూద్దాం" అని వదిలేశాడు. బాగుచేయడానికి కడ్డీ ఏది? బయటి దేశపు సామాన్లు రావడం ఆగిపోయింది. మన కొలిమిలో కొడితే అలాంటి ఉక్కు రాదు, ఆ సంగతి మూడుసార్లు కొట్టి చూసి తెలుసుకున్నాడు. పొట్ట కోసం బావుల మీది నీళ్ల ఇంజన్లు బాగుచేసేవాడు. కారు మాత్రం షెడ్డు నడుమ తార్పాలిన్ కప్పుకుని, ఎడమ మోకాలు విరిగినట్టు ఒరిగి నిలబడే ఉంది. ఆయన మంచం దానికి నాలుగడుగుల దూరం. విరిగిన ముక్కను గోనెపట్టాలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. అవతల పారేయలేకా కాదు, పారేయబుద్ధి కాకా కాదు. దాన్ని చూస్తే తప్ప తను చేసింది నిజమని తెలిసే దారి ఈ లోకంలో ఇంకోటి లేదు.

ఊళ్లో ఆయనకు మంచి పేరే వచ్చింది. "ఎంత నమ్మకస్తుడు, దొర కారును కాసుకుని కూసుండు" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా దశరథం అక్కడినుంచి లేచి వెళ్లిపోయేవాడు. సాయంత్రాలు పల్లికాయలు కొనడం మానేశాడు. మాట్లాడటం కూడా క్రమంగా తగ్గిపోయింది. కారు గురించి తప్ప మాట్లాడటం ఆయనకు రాదు, కారు గురించి మాట్లాడదగ్గ మనిషిని తనే పోగొట్టుకున్నాడు. ఒక్కోసారి తార్పాలిన్ కింద చేయి పెట్టి ఏదో బిగిస్తూ, "గాలయ్యా, గా పానా ఇటు అందుకో" అని నోరు జారేది. ఎవరూ అందించేవారు కాదు. లేచి తనే తెచ్చుకునేవాడు. అమృతమ్మ బతికి ఉంటే ఒక్కరోజులో పసిగట్టి, చెవి మెలేసి గడీ దాకా నడిపించి ఉండును. ఒంటరితనంలో అదొక కష్టం, తప్పు చేసినవాణ్ణి తిట్టే దిక్కు కూడా ఉండదు.

అరవై మూడు మాఘంలో నారాయణపేటలో ఒక చీరల వ్యాపారి దగ్గర అచ్చం అలాంటి కారే మూలన పడి ఉందని, దాన్ని విప్పి అమ్ముతున్నారని తెలిసింది. దశరథం వెళ్లి దాని రెండు కడ్డీలూ మోసుకొచ్చాడు. ఏడేళ్ల తర్వాత తార్పాలిన్ తీశాడు. పని పదకొండు రోజులు పట్టింది. తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి, హబ్బులు ఊడదీసి, ఒక గాటు కడ్డీని ఎడమకు, రెండు గాట్ల కడ్డీని కుడికి వేశాడు. వేసే ముందు ఒక్కోదాన్ని వేలితో తడిమాడు, మళ్లీ తడిమాడు, ఎండలోకి తీసుకుపోయి చూసి మళ్లీ తడిమాడు. కడ్డీ కొనకు చెక్కి ఉన్న పళ్లను ఒక్కో పన్నే జరుపుతూ, కారు అంచు నుంచి నేలకు దారం పట్టి రెండు పక్కలా కొలిచాడు. పదకొండో రోజు ఇంజను దగ్గి, తుమ్మి, చివరికి ఆ పాత గొంతుతో పలికింది. దశరథానికి ఏడుపు వచ్చింది. ఏడ్చాడు కూడా, అక్కడ చూసి నవ్వేవాళ్లు ఎవరున్నారు?

ఒక్కడే కూర్చుని ఆ మోరీ దాకా నడిపాడు. గుంటలు వస్తే కారు ఉయ్యాల ఊగినట్టు ఊగి సర్దుకుంటోంది. ఇంత బాగా ఎప్పుడూ లేదు. మోరీ దగ్గర ఆపి, పక్కన ఖాళీ సీటు వైపు తిరిగి, "చూసినవా" అన్నాడు. వెంటనే సిగ్గేసింది. కారు తిప్పుకుని వచ్చేశాడు.

దొర అప్పటికే గడీకి తాళం వేసి హైదరాబాదులో ఉంటున్నాడు. కారు తయారైందని జాబు రాయిస్తే జవాబు వచ్చింది, ఇనుప సామాను కింద అమ్మేయమని. మనసు చివుక్కుమన్నా, లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. కారు ముక్కలైపోతే ఇక ఏ మేస్త్రీ దాన్ని విప్పి చూడడు. గాట్ల సంగతి తెలిసినవాడు తను ఒక్కడే, తనతోనే పోతుంది. పీడా పోయె అనుకున్నాడు.

పాత ఇనుము కొనే కరీం మహబూబ్‌నగర్ నుంచి లారీ తెచ్చాడు. మాటకారి మనిషి. కారు చుట్టూ తిరుగుతూ, "దశరథం భాయ్, దీన్ని తోలిన గాలయ్య యాదికున్నడా? మొన్న సాగర్ డ్యాం కాడ కనబడ్డడు" అన్నాడు.

దశరథం చేతిలోని పానా ఆగింది. "ఏం చేస్తుండు?"

"రాళ్లు మోస్తుండు. నెత్తి మీద. ఆడ లారీలు తోలెటోళ్లకు ఎంత గిరాకీ ఉందో తెలుసా నీకు? చేయి పట్టుకుని గుంజుకపోతుండ్రు. నేను మాట్లాడి పెడ్త రా అన్న. ఏమన్నడో ఎరికేనా? నాకు నిద్ర రోగం ఉంది భాయ్, నన్ను స్టీరింగు ముట్టనియ్యకుండ్రి అన్నడు."

"నిద్ర రోగమా?"

"గట్లనే అన్నడు. పాపం, తెలివి ఉన్నప్పుడే నిద్ర పోతడంట, పోయినట్టు తనకే తెల్వదంట."

దశరథం పానా కింద పెట్టాడు. ఇన్నాళ్లూ ఆయన తన మనసులో గాలయ్యను ఒక రకంగా ఊహించుకున్నాడు. ఎక్కడో కోపంగా ఉంటాడు, తనను తిట్టుకుంటూ ఉంటాడు, నేను నిద్రపోలేదని కనబడినవాడికల్లా చెబుతూ ఉంటాడు. ఆ ఊహలో ఆయనకు కొంచెం ఊరట ఉండేది. గాలయ్య ఆ అబద్ధాన్ని నమ్మేశాడని ఒక్కనాడూ తట్టలేదు. అన్నకు తెలియదా అన్నాడు కదా, ఆ మాట మీదే నిలబడి ఉన్నాడు. లోకంలో నిజం తెలిసిన మనుషులు ఇద్దరు ఉండాల్సింది, ఒక్కడే మిగిలాడు.

"గాలయ్య నిద్రపోలే భాయ్" అన్నాడు దశరథం. ఏడేళ్ల తర్వాత నోట్లోంచి వచ్చిన ఆ మాట తన గొంతులా వినిపించలేదు. "కడ్డీలు నేను ఇటుది అటు ఏసిన. నా తప్పు."

కరీం గడ్డం నిమురుకున్నాడు. "నాకు చెప్తే ఏం వస్తది భాయ్" అన్నాడు, మెత్తగానే.

కారు లారీ ఎక్కి పోయింది. దశరథం గోనెపట్టా మూట చంకన పెట్టుకుని ముందు హైదరాబాదు వెళ్లాడు. దొర వరండాలో పేపరు చదువుతున్నాడు. అంతా విని, "అమ్మ పోయి ఏడేండ్లాయె. ఇప్పుడెందుకు తవ్వుతవ్" అని పేపరు తిప్పాడు. ఏ పేరు పోతుందని దశరథం ఒక మనిషి బతుకును తాకట్టు పెట్టాడో, ఆ పేరు దొరకు గుర్తు కూడా లేదు. మర్నాడు పొద్దున్నే ఆయన సాగర్ వైపు పోయే బస్సెక్కాడు.

హాలియా దాటి డ్యాం దగ్గర దిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆ రోజు వారం సెలవు. కూలీల గుడిసెలు కొండ వాలు మీద వరసలుగా ఉన్నాయి. పాలమూరు దిక్కు వాళ్లు ఎక్కడని అడుగుతూ పోతే గాలయ్య గుడిసె దొరికింది. ముందు చిన్న పందిరి, కింద గాలయ్య నిలబడే, వంగి నులకమంచం అల్లుతున్నాడు. నడినెత్తిన రాళ్ల చుట్టకుదురు పెట్టిన చోట వెంట్రుకలు లేవు. దశరథాన్ని చూసి గబుక్కున ఎదురొచ్చాడు.

"అన్నా. నువ్వేంది, గింత దూరం. కూసో. భద్రమ్మ నీళ్లకు పోయింది, వస్తది. కారు ఎట్లుంది?"

మొదటి మాటకే కారును అడిగాడు. దశరథం కూర్చోలేదు. మూట విప్పి ముక్క తీశాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పాడు, కడ్డీ మెలి సంగతి, గాట్ల సంగతి, నల్లటి సగం, తెల్లటి సగం. గాలయ్య వింటున్నాడు కానీ ముఖంలో ఏమీ కదలలేదు. కారును పైనుంచి తెలిసినవాడికి కింది సంగతి ఎలా ఎక్కుతుంది? దశరథం ఆగి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"గాలయ్యా, ఎలపటెద్దును దాపట కడ్తే ఏమైతది?"

"అది అలవాటు లేని పక్క గద అన్నా. మెడ తిప్పుకుంటది. జర్రన్ని దినాలు గుంజుతది. ఎన్నడో ఒకనాడు నడిబాటల కూలబడ్తది."

"నేను గదే చేసిన. ఎలపటి కడ్డీని దాపట కట్టిన. నడిబాటల కూలింది. నాకు గా దినమే తెలుసు. గడీల అబద్ధం చెప్పిన."

గాలయ్య ఆ ముక్కను అందుకుని, విరిగిన చోట వేలితో తడిమి, కాలి పక్కన పెట్టుకున్నాడు. కోపం కోసం దశరథం ఎదురుచూశాడు. కొడతాడేమో అనుకున్నాడు, కొడితే బాగుండు అని కూడా అనుకున్నాడు.

"అయితే నేను నిద్రపోలే" అన్నాడు గాలయ్య.

"పోలే."

"కన్ను మూయలే."

"మూయలే. నువ్వు తెలివితోనే ఉన్నవ్. కారు కూలింది."

"గా కుంగుడు నిజమే అన్నట్టు. నా కలల కుంగలే."

"నిజమే."

గాలయ్య మంచం పట్టె మీద కూలబడ్డాడు. "నా బిడ్డను ఎన్నడు ఎత్తుకోలే అన్నా" అన్నాడు. "పుట్టిన కాడికెల్లి. చేతులల్ల ఉండంగనే నిద్రొస్తదేమో, కింద పడేస్తనేమో అని. భద్రమ్మ ఇస్తనే ఉంటుండె, నేను వద్దంటనే ఉంటి. పగటిపూట కూసుంటె కన్ను మూతపడ్తదేమో అని నిలబడే ఉంటి."

భద్రమ్మ నీళ్ల బిందెతో వచ్చింది. వెనకాలే ఆరేళ్ల పిల్ల. దశరథాన్ని చూసి ఆమె ముఖం విప్పారింది, భర్త ముఖం చూసి ఆగింది. "ఇంకోపారి చెప్పు అన్నా, ఇది కూడ ఇనాలె" అన్నాడు గాలయ్య. దశరథం ఇంకోసారి చెప్పాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. భద్రమ్మ బిందె దింపకుండానే విన్నది.

"గీ మాట గా దినం చెప్తే నీకేం పోతుండె?" అన్నది.

"పేరు పోతుండె."

"మరి ఈయనది ఏం పోయింది?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. బిందె దింపి కుదురు మీద పెట్టింది.

"పిల్లను ఇటు తే" అన్నాడు గాలయ్య.

పిల్ల పేరు జంగమ్మ. తండ్రి చేతులు చాపితే తల్లి వైపు చూసింది. ఆ చేతులు అలా చాపడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. భద్రమ్మ తల ఊపితే దగ్గరికి వచ్చింది. గాలయ్య ఒళ్లోకి ఎత్తుకున్నాడు. ఆరేళ్ల పిల్ల, కాళ్లు నేలకు తగులుతున్నాయి, కొత్త చోట కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది. గాలయ్య గుంజకు వీపు ఆనించి, రెండు చేతులూ పిల్ల చుట్టూ వేశాడు. కాసేపటికి ఆయన గడ్డం పిల్ల తల మీద వాలింది. ఊపిరి బరువెక్కింది. పట్టపగలు, ఒళ్లో బిడ్డతో, నోరు కొంచెం తెరిచి నిద్రపోయాడు. చేతులు మాత్రం సడలలేదు. జంగమ్మ ముక్కు మీద ఈగ వాలింది. ఆ పిల్ల దాన్ని తోలకుండా, కదలకుండా అలాగే కూర్చుంది.

దశరథం నోరు తెరిచేలోగా భద్రమ్మ చెంబుతో నీళ్లు ముంచి అందించింది. "నీళ్లు తాగి పో మేస్త్రీ" అన్నది. ఆమె నోట అన్నా అనే పిలుపు లేకపోవడం దశరథానికి వెంటనే వినబడింది.

"లేసేదాంక కూసుంట" అన్నాడు.

"వద్దు. ఏడేండ్లకు పండిండు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "లేసినప్పుడు ఒళ్లె బిడ్డ మొఖం చూడని. నీది వద్దు."

దశరథం నీళ్లు తాగాడు. కడ్డీ ముక్కను తీసుకోబోయి, గాలయ్య కాలి పక్కనే వదిలేశాడు. చెంబు తనే కడిగి, బోర్లించి, వచ్చిన బాటనే బస్సు ఆగే చోటికి నడిచాడు.